సర్క్యూట్ మొదలుపెట్టి ఆరు వారాలైంది, 600 మీటర్లలో దమ్ము మాత్రం పెరగలేదు. తప్పెక్కడ?

చింతచెట్టు_పీఈటీ (అనంతపురం) | జూలై 28, రాత్రి 9:12

అందరికీ నమస్తే. అనంతపురానికి ముప్పై కిలోమీటర్ల అవతల ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామం సారుగా చేస్తున్నా. ఖోఖో, అథ్లెటిక్స్ ఆడే పిల్లలు ఇరవై ఆరు మంది. అండర్-14 వాళ్ళకు 600 మీటర్లు, అండర్-17 వాళ్ళకు 800, 1500 ఉన్నాయి. వీళ్ళందరి గొడవ ఒకటే. మొదటి రౌండు జింకల్లా పోతారు. ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని నడుస్తారు. ఖోఖోలో కూడా మొదటి ఇన్నింగ్స్‌లో ఉన్న ఊపు రెండో దాంట్లో ఉండదు.

మా గ్రౌండు చుట్టూ తిరిగితే 180 మీటర్లు. ఒక మూల చింతచెట్టు, ఇంకో మూల వంటగది. అంత చిన్న జాగాలో రోజూ పరుగు పెట్టించడం పిల్లలకూ విసుగు, నాకూ విసుగు. అందుకే జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి వారానికి మూడు రోజులు సర్క్యూట్ చేయిస్తున్నా, అంటే రకరకాల కసరత్తులకు స్టేషన్లు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి చేయించడం. పది స్టేషన్లు, ఒక్కోటి 30 సెకండ్లు, రెండు రౌండ్లు. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో ఎట్లాగూ 600 మీటర్లు ఉంది కాబట్టి దాన్నే కొలతగా పెట్టుకున్నా. నిన్న టైం తీశా. జూన్‌లో 2 నిమిషాల 31 సెకండ్లు చేసిన పాప ఇప్పుడు 2:29. మిగతా వాళ్ళదీ అదే కథ. దండీలు (పుషప్స్) మాత్రం బాగా పెరిగాయి, ఆరు తీసేవాడు పదిహేను తీస్తున్నాడు. దమ్మెందుకు పెరగలేదు?

తుంగభద్ర_1500 (కర్నూలు) | జూలై 28, రాత్రి 9:40

అన్నా, నేను కాలేజీ రోజుల్లో 1500 పరుగెత్తినోణ్ణి. సూటిగా చెప్తా, ఏమనుకోవద్దు. పరుగు కావాలంటే పరుగెత్తాలి. ఈ జంపింగులూ బర్పీలూ ఫోన్లలో వీడియోలు చూసి తెచ్చుకున్న సోకులు. మా కాలంలో పొద్దున ఐదింటికి లేచి నది గట్టెంబడి పోయి వచ్చేవాళ్ళం, అంతే. 800లో కూడా సగానికి పైగా శక్తి ఆక్సిజన్ దారిలోనే రావాలి. అది దండీలతో వస్తుందా?

కడపబండ (కడప) | జూలై 28, రాత్రి 10:05

నేను పీడీగా (ఫిజికల్ డైరెక్టరుగా) రిటైరై నాలుగేళ్ళు. 1500 తమ్ముడూ, సర్క్యూట్ ఫోన్లలో పుట్టింది కాదు. 1953లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గాన్, ఆడమ్సన్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. చలికాలంలో తక్కువ జాగాలో ఎక్కువ మంది విద్యార్థులతో కసరత్తు చేయించడానికి బాగా పనికొచ్చింది. మన పీఈటీ సారు ఇబ్బంది కూడా అదే, చలి ఒక్కటి తప్ప.

పీఈటీ సార్, జబ్బు చెప్పేముందు నాడి చూడాలి కదా. మూడు సంగతులు చెప్పండి. స్టేషన్లు ఏ వరుసలో ఉన్నాయి? తాళ్ళు, బెంచీలు ఎన్ని ఉన్నాయి? ఒకరు చేస్తుంటే మిగతా వాళ్ళు ఏం చేస్తుంటారు?

చింతచెట్టు_పీఈటీ | జూలై 28, రాత్రి 10:31

వరుస ఇది సార్: స్కిప్పింగ్, బస్కీలు, కప్పగంతులు, స్టెప్ అప్స్ (మెట్టెక్కి దిగడం), లంజెస్ (ఒక కాలు ముందుకేసి వంగడం), దండీలు, సిట్ అప్స్, ప్లాంక్ (మోచేతుల మీద ఒళ్ళు నిటారుగా ఆపడం), బర్పీలు (కిందికి వంగి దండీ తీసి లేచి ఎగరడం), హై నీస్ (ఉన్నచోటే మోకాళ్ళు పైకెత్తి పరుగు). తాళ్ళు రెండు. స్టెప్‌కు రెండు ఇటుక వరుసల మీద ఒక కడప బండ వేసి పెట్టా, దాని మీద ఒక్కరే ఎక్కగలరు. ఒక్కో స్టేషన్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఒకరు చేస్తే మిగతా వాళ్ళు లైన్లో ఉంటారు. ఎవరెక్కువ తీశారో నోటుబుక్కులో రాస్తా. పోటీ ఉంటే హుషారుగా చేస్తారని.

కడపబండ | జూలై 29, ఉదయం 6:18

దొరికింది. మూడు చోట్ల పోతోంది మీ దమ్ము.

మొదటిది లైను. లెక్క వేయండి. పది స్టేషన్లు, 30 సెకండ్లు, రెండు రౌండ్లు. అంటే పీరియడ్ మొత్తంలో ఒక పిల్లోడు ఒళ్ళు కదిలించింది పది నిమిషాలు. మిగతాదంతా లైన్లో నిలబడి ముందున్నోడి జడో చొక్కానో లాగడమే. పెద్దవాళ్ళకన్నా పిల్లలు తొందరగా తేరుకుంటారు. 30 సెకండ్లు ఎగిరి నిమిషం నిలబడితే గుండె మళ్ళీ మామూలు వేగం వైపు దిగిపోతుంది. దాన్ని చాలాసేపు పైన నిలబెట్టకపోతే ఓపిక అంతగా పెరగదు. కండకు పని దొరికింది కాబట్టి దండీలు పెరిగాయి. గుండెకు దొరకలేదు.

రెండోది వరుస. స్కిప్పింగ్ నుంచి లంజెస్ దాకా ఐదు స్టేషన్లూ కాళ్ళకే. మూడోదానికే తొడలు మండి పిల్లలు ఆగిపోతారు. గుండె అలిసి కాదు, కాలు అలిసి. కాళ్ళు, చేతులు, నడుము అని మార్చి మార్చి పెట్టండి. ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి ఊపిరి తీసుకుంటుంది, గుండె మాత్రం ఆగకుండా నడుస్తుంది. సర్క్యూట్‌లో ఉన్న కిటుకే అది.

మూడోది మీ నోటుబుక్కు. లీడ్స్ వాళ్ళు మొదట్లో చేసింది ఏమిటంటే, ఒక్కో మనిషి ఒక్కో స్టేషన్లో గరిష్ఠంగా ఎన్ని తీయగలడో చూసి, అందులో సగం అతని వంతుగా రాసిచ్చేవాళ్ళు. ఇరవై తీసేవాడికి పది, ఆరు తీసేవాడికి మూడు. ఆ వంతుతో మూడు చుట్లు ఆగకుండా తిరగాలి. పోటీ ఎవరితోనంటే నిన్నటి తన టైంతో. మీ పద్ధతిలో బలమున్నోడు గెలుస్తాడు, లేనోడు మూడో స్టేషన్లోనే సిగ్గుపడి చేతులెత్తేస్తాడు. నేనూ పదేళ్ళు అట్లాగే చేయించినోణ్ణే లెండి.

నేనైతే ఇట్లా పెడతా. ఇరవై ఆరు మందికి తొమ్మిది స్టేషన్లు, ఒక్కో దానికి ముగ్గురు, ముగ్గురూ ఒకేసారి చేయాలి. తాడు లేనోళ్ళు ఉత్త చేతులు తిప్పుతూ ఎగిరితే చాలు, గుండెకు తాడుందో లేదో తెలీదు. 30 సెకండ్లు పని, 15 సెకండ్లలో మెల్లగా పరుగెత్తి తర్వాతి దానికి పోవాలి, నడవకూడదు. తొమ్మిది స్టేషన్లకు ఆరు నిమిషాల ముప్పావు. మూడు రౌండ్లు, మధ్యలో రెండేసి నిమిషాలు నడక, మొత్తం ఇరవై నాలుగు నిమిషాలు. వార్మప్‌తో కలిపి డ్రిల్లు పీరియడ్‌లో పడుతుంది. మొదటి రెండు వారాలు రెండు రౌండ్లే. స్టెప్‌కు ఒక్క బండ చాలదు, వరండా మెట్టు వాడుకోండి.

తుంగభద్ర_1500 | జూలై 29, ఉదయం 7:02

పెద్దాయన చెప్పాక నేను నోరు మూసుకోవాలి గానీ, ఒక్క మాట. పీఈటీ అన్నా, మీ పిల్లలు మొదటి రౌండు ఎంతలో పోతున్నారో ఎప్పుడైనా చూశారా? 2:30లో 600 అంటే మీ 180 మీటర్ల చుట్టు 45 సెకండ్లకు పోవాలి. రేపు చూసి చెప్పండి.

చింతచెట్టు_పీఈటీ | జూలై 30, సాయంత్రం 6:47

చూశా తమ్ముడూ. 34 సెకండ్లు! మూడో చుట్టుకు 58. ఇన్నాళ్ళు దీన్ని దమ్ము లేకపోవడం అనుకున్నా.

తుంగభద్ర_1500 | జూలై 30, రాత్రి 8:15

సగం జబ్బు అదే. సర్క్యూట్ వారానికి రెండు రోజులు చాలు. ఇంకో రెండు రోజులు పరుగు పెట్టండి. ఒక రోజు పక్కనోడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నిదానంగా పదిహేను, ఇరవై నిమిషాలు. ఇంకో రోజు 45 సెకండ్ల చుట్లు, ముందొచ్చినోణ్ణి కూడా వెనక్కి పంపాలి. మొదట్లో ఒప్పుకోరు. మెల్లగా పరుగెత్తడం పిల్లలకు చాలా కష్టం.

హంద్రీ_ఫిజియో (కర్నూలు) | జూలై 30, రాత్రి 9:33

ఇంతసేపూ ఎవరూ మోకాళ్ళ గురించి అడగలేదు, నేనడుగుతా. మీ పిల్లల్లో ఎవరైనా మోకాలి చిప్పకు కొంచెం కింద, ఎముక ముందుభాగంలో నొప్పి అంటున్నారా? అక్కడ చిన్న బుడిపె కనిపిస్తోందా?

చింతచెట్టు_పీఈటీ | జూలై 30, రాత్రి 9:50

ఇద్దరున్నారు మేడం. ఇద్దరూ తొమ్మిదో తరగతి అబ్బాయిలు, ఈ ఏడాదే తాడిచెట్ల మాదిరి పొడుగైనోళ్ళు. ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి చెప్తున్నారనుకున్నా.

హంద్రీ_ఫిజియో | జూలై 30, రాత్రి 10:20

అనుకోకండి సార్. ఎముక గబగబా పెరిగే వయసులో తొడ కండరం లాగే చోట, ఇంకా గట్టిపడని ఎముక నొప్పెడుతుంది. ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. ఎక్కువ మందికి ఎదుగుదల ఆగాక తగ్గిపోతుంది, కానీ నొప్పి మీద గెంతిస్తే నెలల తరబడి సాగుతుంది. ఆ ఇద్దరికీ కప్పగంతులు, బర్పీలు, లోతు బస్కీలు ఆపేయండి. చేతుల పనులు, ప్లాంకు, నొప్పి లేనంత మేర నడక చేయొచ్చు. వాపు ఉన్నా, కుంటుతున్నా డాక్టరుకు చూపించాలి.

మిగతా వాళ్ళకూ కప్పగంతులు 30 సెకండ్లు ఎక్కువ. అలిసిన కాలితో గెంతితే మోకాళ్ళు లోపలికి వాలిపోతాయి. పిల్లలకు నేను చెప్పేది ఒకటే: దిగితే చప్పుడు రాకూడదు, పిల్లి దూకినట్టు దూకాలి. చప్పుడు మొదలైతే ఆ స్టేషన్ అయిపోయినట్టే. గుండెకు పని పెట్టడానికి గెంతులే అక్కర్లేదు, ఎండ్రకాయ నడక పెట్టి చూడండి, నవ్వుతూనే రొప్పుతారు.

ఇంకో మాట, పాలిష్ పట్టిన కడప బండ మీద చెమట పడితే జారుతుంది. గరుకు వైపు పైకి తిప్పి వేయండి.

చింతచెట్టు_పీఈటీ | ఆగస్టు 4, సాయంత్రం 7:10

కొత్త పద్ధతి మొదలైంది. నాడి చూడటం నేర్పిద్దామని మొదటి రోజే మొదలుపెట్టి అభాసుపాలయ్యా. మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి పది సెకండ్లు లెక్కపెట్టమన్నా. ఒకడు 45 అన్నాడు, ఒక పాప 9 అంది, ఒకడు గొంతు మీద వేళ్ళు పెట్టుకుని దగ్గుతున్నాడు. 45 ఎట్లొచ్చిందిరా అంటే, 'విజిల్ వినపడలేదు సార్' అన్నాడు. ఎంత రావాలో కూడా సరిగ్గా తెలీదు. 220లోంచి వయసు తీసేయాలని చదివా.

కడపబండ | ఆగస్టు 4, రాత్రి 8:02

నవ్వాపుకోలేకపోయా. ఆ 220 లెక్క పెద్దవాళ్ళ సగటు, పిల్లలకు అంతగా అతకదు. పదేళ్ళ పిల్లకైనా పదహారేళ్ళ పిల్లకైనా గరిష్ఠం ఇంచుమించు 200 దగ్గరే ఉంటుంది. పది సెకండ్లకు 27 నుంచి 30 వస్తే సర్క్యూట్ పనిచేస్తున్నట్టు. ఆరుతో గుణిస్తే 162 నుంచి 180. ఆగిన వెంటనే లెక్కపెట్టాలి, ఆలస్యమైతే దిగిపోతుంది. బొటనవేలు వద్దు, దాంట్లోనే నాడి కొట్టుకుంటుంది. అదీ కుదరకపోతే మాటే నాడి. చేస్తున్నోణ్ణి 'మధ్యాహ్నం ఏం తిన్నావు?' అని అడగండి. 'చిక్కీ' అని ఒక్క ముక్క అంటే సరిపోయింది. 'చిక్కీ, గుడ్డు, సాంబారన్నం సార్, ఇంకో గుడ్డు అడిగితే ఇయ్యలేదు' అన్నాడంటే ఇంకా ఊపు పెంచాలి. అసలు మాటే రాకపోతే తగ్గించాలి.

బీక్యాంప్_అమ్మ (కర్నూలు) | ఆగస్టు 5, మధ్యాహ్నం 2:26

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా పాప ఎనిమిదో తరగతి, ఇట్లాగే పొద్దున ఐదున్నరకు సర్క్యూట్‌కు పోతోంది. ఖాళీ కడుపుతో పోతుంది, లేవగానే తినబుద్ధి కాదంటుంది. వచ్చాక పడుకుంటుంది. మెట్లెక్కినా ఆయాసమే. ఈ ఏడాదే పెద్దమనిషైంది. కోచ్‌నడిగితే అలవాటు పడితే పోతుందంటున్నారు. మా అత్తగారు అసలు మాన్పించేయమంటున్నారు. ఏం చేయాలో టెన్షన్‌గా ఉంది.

నీలిమాత్ర (కర్నూలు) | ఆగస్టు 5, మధ్యాహ్నం 3:48

అమ్మా, నేను ఏఎన్ఎంని. ఆట మాన్పించే ముందు పాపకు రక్తపరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్ చూపించండి. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లలకు 12 గ్రాములు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఐదుగురిలో ముగ్గురు. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే. బండ్లు లేకుండా ఎంత పెద్ద రోడ్డు వేస్తే మాత్రం సరుకు ఎట్లా చేరుతుంది?

బడిలో వారానికొకటి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్ర పాప మింగుతోందో, కిటికీలోంచి పారేస్తోందో మెల్లగా అడగండి. నేను చూసిన బళ్ళల్లో కిటికీ కిందే ఎక్కువుంటాయి. కడుపులో తిప్పుతుందని భయం. అన్నం తిన్నాక వేసుకుంటే అంత తిప్పదు. టీతో మాత్రం వద్దు. నిమ్మరసం తాగితే ఐరన్ బాగా పడుతుంది. నులిపురుగుల మాత్ర కూడా మరిచిపోకండి. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే వారానికొక మాత్ర చాలదు, డాక్టరు చెప్పినట్టు రోజూ వాడాలి.

పొద్దున పోయేముందు అరటిపండో, గ్లాసు రాగిజావో తాగించండి. వచ్చాక ఉగ్గాని పెట్టినా సరే, పక్కన ఒక గుడ్డు పెట్టండి. నెలసరి రోజుల్లో ఆడకూడదనేం లేదు, ఒంట్లో బాగుంటే చేయొచ్చు, లేకపోతే కూర్చోవచ్చు. అది పాప ఇష్టం.

చింతచెట్టు_పీఈటీ | ఆగస్టు 9, రాత్రి 10:55

నీలిమాత్ర గారి పోస్టు చదివాక రెండ్రోజులు నిద్ర పట్టలేదు. మా దాంట్లో ఒక పాప ఉంది. ఆరు వారాలైనా ఒక్క సెకను కూడా తగ్గలేదు. సర్క్యూట్‌లో మూడో స్టేషన్‌కే కూర్చునేది. సోమరిపోతని అందరి ముందూ అన్నా. ఒకరోజు శిక్షగా ఇంకో రౌండు చేయించా కూడా. మొన్న పీహెచ్‌సీకి తీసుకెళ్ళి పరీక్ష చేయించా, 8.9 వచ్చింది. ఆ పాపేమీ అనలేదు. 'ఇప్పుడు నన్ను టీంలోంచి తీసేస్తారా సార్?' అని మాత్రం అడిగింది.

హంద్రీ_ఫిజియో | ఆగస్టు 10, ఉదయం 6:40

తీసేయకండి సార్. డాక్టరు సరేననే దాకా గట్టి కసరత్తు వద్దు, కానీ గ్రౌండుకు రానివ్వండి. ఇంట్లో కూర్చోబెడితే మళ్ళీ పంపరు.

కడపబండ | ఆగస్టు 10, ఉదయం 7:15

కసరత్తును శిక్షగా వాడటం నేనూ చేశా. లేటుగా వస్తే పది బస్కీలు, అల్లరి చేస్తే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. మనమే పరుగును తిట్టుగా మార్చి, మళ్ళీ మనమే దాన్ని ప్రేమించమంటాం.

చింతచెట్టు_పీఈటీ | ఆగస్టు 10, రాత్రి 9:05

మానేశా సార్ ఆరోజు నుంచే. ఒక సంగతి చెప్పాలి. మీ కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్న జట్టు 2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచినప్పటి నుంచి మా ఊళ్ళో ఆడపిల్లలను గ్రౌండుకు పంపడానికి ఇళ్ళల్లో నసగడం తగ్గింది. అట్లా వచ్చిన పిల్లను నేనే పంపించేసేవాణ్ణి కొంచెముంటే.

హగరి_గట్టు (అనంతపురం) | ఆగస్టు 16, సాయంత్రం 5:30

కొత్తగా చేరా, అంతా చదివా. చిన్న గ్రౌండున్న వాళ్ళకు బీప్ టెస్ట్ మంచిది, ఎవరూ చెప్పలేదు. 20 మీటర్లుంటే చాలు. గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. బీప్ మోగేలోగా అవతలి గీత తొక్కాలి. మొదట్లో జింకలా పోయేవాడికి ఇక్కడ లాభం లేదు, బీప్ దాకా ఆగాల్సిందే కాబట్టి నిలకడ అదే వస్తుంది. కంకర నేలైతే మలుపు దగ్గర ఊడ్పించండి, జారి పడతారు.

చింతచెట్టు_పీఈటీ | ఆగస్టు 19, రాత్రి 8:44

పెట్టా అన్నా. ఫోను శబ్దం చాల్లేదని పక్కింటాయన దగ్గర స్పీకరు తెచ్చా. బీప్ బీప్ అంటుంటే గోడ మీద నలభై మంది జనం. ఒక పెద్దాయన వచ్చి 'కరెంటోళ్ళా నాయనా?' అని అడిగి పోయినాడు.

బీక్యాంప్_అమ్మ | ఆగస్టు 23, సాయంత్రం 4:12

పాపకు 10.2 వచ్చింది. డాక్టరు మందులు రాశారు, నెల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. నీలిమాత్ర గారూ, మాత్రలు మీరన్నట్టే మింగకుండా దొరికాయి, కాకపోతే కిటికీ కింద కాదు, జామెట్రీ బాక్సులో. పొద్దున జావ తాగి పోతోంది. అత్తగారే కాస్తున్నారు.

చింతచెట్టు_పీఈటీ | సెప్టెంబరు 14, రాత్రి 9:20

ఆరు వారాల లెక్క. సర్క్యూట్ రెండు రోజులు, పరుగు రెండు రోజులు. ఇప్పుడు మూడు రౌండ్లు చేస్తున్నారు, పోయిన వారం నుంచి 40 సెకండ్లు పని, 20 సెకండ్ల మార్పు. 600లో 2:29 పాప ఇప్పుడు 2:20. ఎక్కువ మందికి ఐదు నుంచి పది సెకండ్లు తగ్గింది. నలుగురికి ఏం మారలేదు. అందులో ఇద్దరు మోకాళ్ళ నొప్పి వాళ్ళు, ఇద్దరెందుకో తెలీదు. తగ్గిన దాంట్లో సర్క్యూట్ వాటా ఎంత, 45 సెకండ్ల చుట్టు వాటా ఎంత అని అడిగితే నేను చెప్పలేను. ఖోఖోలో మాత్రం తేడా కంటికి కనిపిస్తోంది, రెండో ఇన్నింగ్స్‌లో కూడా పోల్ దగ్గర తిరగడానికి కాళ్ళలో బలముంటోంది.

తుంగభద్ర_1500 | సెప్టెంబరు 14, రాత్రి 9:41

పరుగు వాటానే ఎక్కువన్నా. రాసిపెట్టుకోండి.

కడపబండ | సెప్టెంబరు 14, రాత్రి 9:58

రాసుకోనీలే పాపం. కసరత్తు బాగా చేయించినా పిల్లల్లో ఆక్సిజన్ సామర్థ్యం పెరిగేది 5 నుంచి 10 శాతమే, ఆ ఐదు సెకండ్లకూ పది సెకండ్లకూ విలువుంది. వచ్చే మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఇదే ఊపులో ఎండలో చేయించకండి. ఆరు గంటలకు మొదలుపెట్టి ఏడుకల్లా ముగించాలి, పదిహేను నిమిషాలకోసారి నీళ్ళు. తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే నీడకు తెచ్చి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ 108కు ఫోన్ చేయాలి.

నీలిమాత్ర | సెప్టెంబరు 14, రాత్రి 10:10

ఆ 8.9 పాప ఎట్లుంది సార్?

చింతచెట్టు_పీఈటీ | సెప్టెంబరు 14, రాత్రి 10:26

మందులు వాడుతోందమ్మా. డాక్టరు నడక, తేలిక పనులు చేయొచ్చన్నారు. స్టాప్‌వాచ్ ఆ పాప చేతికే ఇచ్చా. చింతచెట్టు కింద నిలబడి ఒక్కొక్కరినీ 'నలభై ఒకటి! ఎందుకంత తొందర, మెల్లగా పో!' అని అరుస్తుంది. నా మాట వినని మగపిల్లలు కూడా దాని మాట వింటున్నారు. మళ్ళీ రక్తపరీక్ష సోమవారం. వచ్చాక రాస్తా.